గజ్జల్లో పట్టేస్తే రెస్టూ స్ట్రెచింగే మందా? అపోహలు – వాస్తవాలు

"రెండు వారాలు రెస్ట్ తీసుకున్నా సార్, నొప్పి పూర్తిగా పోయింది. గ్రౌండ్‌లో దిగగానే మళ్ళీ పట్టేసింది." కబడ్డీ రైడర్లు, ఫాస్ట్ బౌలర్లు, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారయ్యేవాళ్ళు, అందరి నోటా ఇదే మాట.

అపోహ: నొప్పి పోయేదాకా విశ్రాంతి, ఆపైన బాగా స్ట్రెచింగ్. అంతే, నయం.

విశ్రాంతితో తగ్గేది నొప్పి మాత్రమే. కండరానికి బలం రాదు, ఉన్నదీ తగ్గుతుంది. ఎక్కువగా దెబ్బతినేది అడక్టర్ లాంగస్ అనే తొడ లోపలి వైపు కండరం, అదీ కటి ఎముకకు అతుక్కునే చోటికి దగ్గర్లో. నడకలో దానిమీద పడే భారం కొంచెమే, కాబట్టి నడక తొందరగానే మామూలవుతుంది. ఆటలో అలా కాదు. రైడర్ బోనస్ లైన్ కోసం కాలు చాచినప్పుడు, పరుగులో ఒక్కసారిగా దిశ మార్చినప్పుడు, ఆ కండరం సాగుతూనే కాలికి బ్రేక్ వేయాలి. ఆ బలం రాకుండానే దిగితే పాత చోటే మళ్ళీ చిరుగుతుంది.

ఇక స్ట్రెచింగ్. "టైట్‌గా ఉంది" అనిపించేది కండరం పొట్టిదైపోయి కాదు, దెబ్బతిన్న చోటును కాపాడుకోవడానికి బిగుసుకోవడం వల్ల. మొదటి వారంలోనే అరికాళ్ళు కలిపి కూర్చోబెట్టి మోకాళ్ళు కిందికి తొక్కించుకోవడం, "నరం జరిగింది" అంటే నమ్మి తొడ లాగించుకోవడం, నూనెతో గట్టిగా రుద్దించుకోవడం... మానుతున్న చిరుగును మళ్ళీ లాగడమే ఇదంతా.

నెలల తరబడి గజ్జ నొప్పితో బాధపడుతున్న క్రీడాకారులపై డెన్మార్క్‌లో చేసిన అధ్యయనం 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. బలం పెంచే వ్యాయామాలు చేసిన 29 మందిలో 23 మంది నొప్పి లేకుండా ఆటకు తిరిగొచ్చారు. మసాజ్, స్ట్రెచింగ్, కరెంటు పెట్టించుకోవడం వంటివాటితో సరిపెట్టిన 30 మందిలో నలుగురే.

మరి ఏం చేయాలి? మొదటి రెండు రోజులు పరుగు, కిక్ మానండి. నొప్పి పెరగనంత వరకు నడవొచ్చు. ఐస్ గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టండి, అది నొప్పికే. తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, మధ్యలో ఫుట్‌బాల్ పెట్టి నెమ్మదిగా నొక్కండి. 10 సెకన్ల చొప్పున 10 సార్లతో మొదలుపెట్టి 30 సెకన్ల దాకా పెంచండి. నొప్పి పదికి రెండు దాటకూడదు. మర్నాడు పొద్దున నొప్పి పెరిగిందంటే నిన్న చేసింది ఎక్కువైనట్టు.

అది తేలికయ్యాక చీలమండకు ఎలాస్టిక్ బ్యాండ్ కట్టి, నిలబడి కాలు లోపలికి లాగండి. వదిలేటప్పుడు మూడు లెక్కపెడుతూ వదలండి. చాలామంది టక్కున వదిలేస్తారు, అసలు పనంతా అక్కడే ఉంది. చివరగా కోపెన్‌హేగన్ అనే వ్యాయామం: పక్కకు పడుకుని మోచేయి నేలకు ఆనించి, పై కాలు బెంచీ మీద పెట్టి, నడుము లేపుతూ కింది కాలిని పై కాలి దగ్గరికి తేవాలి. మొదట్లో బెంచీ మీద మోకాలు ఆనించండి, బలం వచ్చాక పాదం. ఒక్కో వైపు 5 సార్లతో మొదలుపెట్టి 12–15 దాకా. దెబ్బ తగలనివాళ్ళకూ ఇది పనికొస్తుంది: 2019లో వచ్చిన నార్వే ఫుట్‌బాల్ అధ్యయనంలో, సీజన్‌కు ముందు వారానికి మూడుసార్లు, సీజన్‌లో ఒకసారి చేసిన జట్లలో గజ్జ సమస్యల ముప్పు 41 శాతం తగ్గింది.

గ్రౌండ్‌కి ఎప్పుడు? కాళ్ళు చాపి, చీలమండల మధ్య బంతి పెట్టి 5 సెకన్లు గట్టిగా నొక్కండి. నొప్పి 0–2 అయితే ముందుకెళ్ళొచ్చు, 3–5 అయితే ఉన్న దగ్గరే ఆగాలి, 6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఆట వద్దు. ముందు తిన్నని పరుగు, తర్వాత వంపు తిరుగుతూ, తర్వాత జిగ్‌జాగ్. ఫుల్ స్పీడ్ రైడ్, ఫుల్ కిక్ చిట్టచివర. చిన్న చిరుగుకు రెండు మూడు వారాలు పట్టొచ్చు, పెద్దదానికి రెండు మూడు నెలలు. క్యాలెండర్ కన్నా పై పరీక్షనే నమ్మండి.

మిగతావి గబగబా. పెయిన్ కిల్లర్ వేసుకుని మ్యాచ్ ఆడొచ్చా? వద్దు, ఆగమని చెప్పే నొప్పినే మాయం చేస్తుంది. ఎంఆర్ఐ తప్పనిసరా? చాలామందికి అక్కర్లేదు; నొప్పే లేని ఆటగాళ్ళ స్కాన్లలోనూ మార్పులు కనబడతాయి. ఆడవాళ్ళకు రాదా? వస్తుంది.

"పెళ్ళయ్యాక ఏమైనా ఇబ్బందా?" అని గొంతు తగ్గించి అడిగే కుర్రాళ్ళు ఉంటారు. తొడ కండరం చిరగడానికీ పిల్లలు పుట్టడానికీ ఏ సంబంధమూ లేదు, ఆ భయం వదిలేయండి. సిగ్గుపడి దాచకూడనివి వేరే ఉన్నాయి. వృషణంలో హఠాత్తుగా విపరీతమైన నొప్పి, వాపు, వాంతి ఉంటే మెలిపడి ఉండొచ్చు. గంటలు గడిచేకొద్దీ దాన్ని కాపాడటం కష్టం, ఆరు గంటల్లోపే ఆపరేషన్ జరగాలి, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్ళండి. దగ్గితే ఉబ్బే గడ్డ ఉంటే హెర్నియా కోసం సర్జన్‌కు చూపించండి.

ఈవెంట్స్ దగ్గరపడ్డాయని ఒక్కసారిగా పరుగు పెంచినవాళ్ళకు గజ్జ లోతులో నొప్పి వచ్చి, ఒంటికాలి మీద కాస్త గెంతినా పోటు పెడితే అది తుంటి ఎముకలో సన్నని పగులు కావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఇక్కడ మాత్రం ఎంఆర్ఐ కావాలి. తేలేదాకా పరుగు పూర్తిగా బంద్, ఆ కాలిమీద బరువు కూడా వేయొద్దు.