పాత సరుకు మీద కొత్త సరుకు పోయకండి: వంటింటి నిల్వలపై అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు ఇళ్లలో సరుకుల గది సర్దిపెట్టడం, ఏది ఎంత ఉందో ఇంటివాళ్లే తేలిగ్గా తెలుసుకునే పద్ధతి నేర్పడం నా వృత్తి. ఎండుమిర్చి, కందిపప్పు, చింతపండు వేసవిలోనే ఏడాదికి సరిపడా కొనే అలవాటు మన వైపు ఇంకా బలంగా ఉంది. అది మంచి అలవాటే. కొత్త పంట వచ్చే రోజుల్లో సరుకు బాగుంటుంది, ధరా కలిసొస్తుంది. చిక్కంతా శ్రావణం నుంచి మొదలవుతుంది. గాలిలో తేమ పెరుగుతుంది, పప్పులో పురుగు కనబడుతుంది, కొన్నదాంట్లో కొంత చెత్తబుట్టకు చేరుతుంది. మిగిలిన అన్నం పారేయడానికే చేయి రాని ఇళ్లలో కిలోల కొద్దీ పప్పు పారబోస్తుంటే చూడలేను. ఆ ఇళ్లలో ఎవరూ నిర్లక్ష్యంగా ఉండరు. ఎంతో జాగ్రత్తగా ఉంటూనే కొన్ని తప్పుడు నమ్మకాలను పాటిస్తుంటారు.

అపోహ: బియ్యం డబ్బా అడుగంటకముందే నింపాలి

అన్నిటికంటే ఎక్కువ నష్టం దీనివల్లే జరుగుతోంది. డబ్బాలో ఇంకా రెండు సోలలు ఉండగానే కొత్త బస్తా విప్పి పైన పోస్తారు. రోజూ పైనుంచే తీస్తారు. అడుగున ఉన్నది అడుగునే ఉండిపోతుంది. కొన్ని ఇళ్లలో ఆ అడుగు బియ్యం వయసు ఎవరూ చెప్పలేరు.

బియ్యపు పురుగు ఎలా బతుకుతుందో తెలిస్తే ఇది ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. ఆడ పురుగు తన ముక్కుతో గింజకు చిన్న రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. బయటి నుంచి గింజ మామూలుగానే ఉంటుంది. గుడ్డు పిల్లయి, లోపలి పిండి తిని, పెద్దదై గింజను తొలుచుకుని బయటికి వస్తుంది. మన వేడికి ఇదంతా ఇంచుమించు నెల రోజుల్లో అయిపోతుంది. డబ్బా అడుగున చేరే నూక, తవుడు, పిండి ఇతర పురుగులకూ ఆహారమవుతాయి. శుభ్రమైన బియ్యం తెచ్చి దాని మీద పోస్తే కొత్త బస్తాకు కూడా పురుగు అంటించినట్టే.

ఇంట్లో బియ్యం ఖాళీ కాకూడదన్న పెద్దల మాటను నేను గౌరవిస్తాను. అందుకే రెండు డబ్బాలు పెట్టుకోమంటాను. ఒకటి వాడుకలో ఉన్నది, రెండోది నిండుగా, కదిలించకుండా ఉంచేది. మొదటిది పూర్తిగా ఖాళీ అయ్యాక దులిపి, కడిగి, ఒక రోజంతా ఎండలో ఆరబెట్టి అప్పుడు నింపాలి. తడి ఏమాత్రం మిగిలినా బూజు పడుతుంది. ఇప్పటికే డబ్బా అడుగున ఉన్న పాత బియ్యాన్ని విడిగా తీసి ముందు వండేయండి. పప్పులకైనా, రవ్వకైనా ఇదే పద్ధతి.

అపోహ: గాలి చొరని డబ్బా కొంటే పురుగు పట్టదు

ఖరీదైన డబ్బాలు కొని వరుసగా అమర్చుకున్న ఇళ్ల నుంచి కూడా నాకు ఫోన్లు వస్తాయి. గట్టి మూత తేమను, చీమలను, బయటి పురుగులను ఆపుతుంది. సరుకుతో పాటే ఇంటికి వచ్చిన గుడ్లను అదేం చేయగలదు? పెసలు, అలసందలు, శనగలు కొన్నప్పుడు గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని వెలుగులో చూడండి. గింజకు అతుక్కుని తెల్లటి చుక్కలు కనబడితే అవి పుచ్చు పురుగు గుడ్లు. ఈ పురుగు పొట్టుతో ఉన్న గుండ్రటి గింజనే ఎక్కువగా ఇష్టపడుతుంది. బద్దలు చేసిన పప్పుకు దాని బెడద తక్కువ.

ఇంట్లో ఫ్రీజరు ఉంటే చాలా పని తేలికవుతుంది. బొంబాయి రవ్వ, శనగపిండి, పెసలు వంటివి కిలో, రెండు కిలోల ప్యాకెట్లు తేగానే మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో నాలుగు రోజులు ఉంచితే పురుగులు గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా ప్యాకెట్టు విప్పకండి. విప్పితే లోపల చెమ్మ పడుతుంది. రవ్వను దోరగా వేయించి, చల్లారాక డబ్బాలో పోసే మన పాత పద్ధతి కూడా పనిచేస్తుంది.

కందిపప్పుకు ఆముదం పట్టించడం పల్లెల్లో అందరికీ తెలిసిన పనే. కిలోకు ఒక చిన్న చెంచాడు చాలు. గింజ చుట్టూ నూనె పొర ఉంటే దాని మీద పెట్టిన గుడ్డుకు గాలి అందదు. వండే ముందు కడిగితే సరిపోతుంది. ఇంత చవకైన, ఇంత మంచి ఉపాయాన్ని పట్నం వచ్చాక మనం ఎందుకు వదిలేశామో నాకు అర్థం కాదు.

అపోహ: పురుగు మందు గోళీ గుడ్డలో చుట్టి పెడితే ప్రమాదం లేదు

దయచేసి ఈ పని ఎవరూ చేయకండి. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీకి తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు లేదు. మనుషులు నిద్రపోయే ఇంట్లో, పడకగది పక్కన బియ్యం బస్తాలో దాన్ని పెట్టడమంటే ప్రాణాలతో చెలగాటం. బియ్యంలో బోరిక్ పొడి కలపడం కూడా మానాలి. అది తినే పదార్థం కాదు, కడిగినా పూర్తిగా పోయిందని నమ్మకం లేదు. వేపాకు పెట్టుకోవచ్చు గానీ బాగా ఎండినదై ఉండాలి. పచ్చి ఆకు డబ్బాలోకి తేమ తెస్తుంది. ఎండు వేపాకు పురుగును కొంత దూరంగా ఉంచుతుందే తప్ప ఉన్నవాటిని చంపదు.

అపోహ: ఏదైనా ఎండలో పోస్తే బాగైపోతుంది

ఎండకు తేమ తగ్గుతుంది, తిరుగుతున్న పురుగులు పారిపోతాయి. అంతవరకు నిజమే. బూజు పట్టిన వేరుశనగ గుళ్లు, ఎండుమిర్చి, ఎండుకొబ్బరి మాత్రం ఎంత ఎండబెట్టినా తినడానికి పనికిరావు. కొన్ని రకాల బూజు ఆఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండకూ పోదు, వంట వేడికీ పోదు. నలుపు, పచ్చ మచ్చలున్న గుళ్లను ఏరి మిగతావి వేయించి పచ్చడి చేద్దామనుకోకండి.

బియ్యాన్ని మండుటెండలో పోస్తే గింజ పగిలి నూక అవుతుంది. నీడలో పల్చగా పరిచి, చేటతో చెరిగితే చాలు. పప్పు ఎండబెట్టినా, వేడి మీద డబ్బాలో పోయకుండా చల్లారనివ్వాలి.

కారం సంగతి వేరు. గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే సరుకులో ఎంతో భాగం శీతల గిడ్డంగులకు వెళ్లేది రంగు, నాణ్యత నిలవడానికి కూడా. ఇంట్లోనూ అంతే. ఏడాది కారం ఒకేసారి పట్టించకుండా, మూడు నెలలకు సరిపడా పట్టించి, మిగతా కాయలను తొడిమలతోనే పొడిగా దాచుకోండి. కారాన్ని గాజు సీసాలో పోసి కిటికీ దగ్గర పెడితే వెలుగుకు ఎరుపు తగ్గిపోతుంది. ఏడాది చింతపండు నల్లబడడం మాత్రం పాడైనట్టు కాదు. బూజు, పురుగు లేకపోతే నిశ్చింతగా వాడుకోవచ్చు.

అపోహ: పొట్టు తీసిన చిరుధాన్యాలు, దంపుడు బియ్యం తెల్ల బియ్యంలాగే ఏడాది నిలుస్తాయి

నిలవవు. తవుడు పొరలో నూనె ఉంటుంది, అది పాతబడితే చేదెక్కుతుంది. సజ్జపిండి అయితే రోజుల్లోనే వాసన మారుతుంది. కొద్దికొద్దిగా కొనండి, పిండి పట్టిస్తే వారానికి సరిపడా పట్టించండి.

అపోహ: మూత గట్టిగా ఉంటే వరదలో మునిగినా సరుకు పనికొస్తుంది

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతం మునిగాక ఈ ప్రశ్న చాలామంది అడిగారు. తిప్పే మూతైనా, నొక్కే మూతైనా మురుగు కలిసిన వరద నీటిని ఆపుతుందని నమ్మలేం. అలాంటి డబ్బాలోని సరుకు, ప్లాస్టిక్ ప్యాకెట్లలోని పిండి, పప్పు పారేయాల్సిందే. సొట్టపోకుండా, తుప్పు పట్టకుండా ఉన్న ఫ్యాక్టరీ సీలు రేకు డబ్బాలను మాత్రం కడిగి, క్లోరిన్ నీటితో శుద్ధి చేసి వాడుకోవచ్చు. పల్లపు ప్రాంతాల్లో కింది అంతస్తులో ఉండేవారు ఏడాది బియ్యం, పప్పు వానాకాలానికి ముందే అటక మీదికి ఎక్కించండి. నూనె డబ్బాలు మాత్రం నేరుగా ఎండ తగిలే శ్లాబు కింద వద్దు. ఆ వేడికి నూనె త్వరగా పాడవుతుంది.

అపోహ: ఇంట్లో సరుకులకు లెక్క రాసుకోవడం చాదస్తం

అంగట్లో ప్యాకెట్టు కొంటాం, ఇంటికొచ్చి డబ్బాలో పోస్తాం, తేదీ ఉన్న కవరు బయట పడేస్తాం. ఆ తేదీ ముక్క కత్తిరించి డబ్బాకు అంటించండి. ‘యూజ్ బై’ తేదీ దాటితే వాడకూడదు. ‘బెస్ట్ బిఫోర్’ దాటితే రుచి, నాణ్యత తగ్గవచ్చని అర్థం. విడిగా కొన్న సరుకుకు మీరే తెచ్చిన తేదీ రాయండి.

అలమర తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి, సరుకు పేరు, డబ్బా తెరిచిన తేదీ, అయిపోయిన తేదీ రాస్తే చాలు. కిలో కందిపప్పు 20 రోజులు వచ్చిందనుకోండి. నెలకు కిలోన్నర, ఏడాదికి 18 కిలోలు. అలవాటు చొప్పున 25 కిలోలు కొంటుంటే, వచ్చే వేసవికి ఏడు కిలోలు మిగిలి, కొత్త పప్పు కింద చేరతాయి. పండుగలకు, చుట్టాలకు కిలోనో రెండు కిలోలో కలుపుకోండి. మాఘం వెళ్లేలోగా అటక మీద ఉన్నదంతా దించి తూచి, ఏడాదికి కావలసిన దానిలోంచి అది తీసేసి, మిగిలినంతే చీటీ మీద రాసుకుని బజారుకు వెళ్లండి.