చూపు తిరిగి రాగానే ఎం.ఎస్. మందు ఆపవచ్చా?

"ఇంజెక్షన్లకే చూపు వచ్చేసింది కదా సిస్టర్, ఇంకా ఈ మాత్రలెందుకు?" అని కర్నూలులో మా న్యూరాలజీ వార్డుకు వచ్చే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) రోగుల ఇంటివారు తరచుగా అడుగుతారు. ఈ వ్యాధి గురించిన అపోహలన్నిటిలోనూ రోగిని ఎక్కువగా దెబ్బతీసేది ఇదే.

రిలాప్స్ (వ్యాధి తిరగబెట్టడం) వచ్చినప్పుడు రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుండి 5 రోజులు సెలైన్‌లో ఎక్కించే మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ అప్పటి వాపును తగ్గించి త్వరగా కోలుకునేలా చేస్తుందే గాని, మన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో నరాల తంతువులను కప్పి ఉంచే మైలిన్ పొరను దెబ్బతీయడాన్ని ఆపదు. ఆ పని ఇంటర్‌ఫెరాన్, డైమిథైల్ ఫ్యూమరేట్, రిటుక్సిమాబ్ వంటి మందులది. అవి రాబోయే రిలాప్సులను తగ్గిస్తాయే తప్ప జరిగిన నష్టాన్ని పూడ్చవు కనుక, వాడుతున్నవారికి ఒరిగిందేమీ కనిపించదు. పైగా డైమిథైల్ ఫ్యూమరేట్‌తో మొదటి వారాల్లో ముఖం ఎర్రబడి మండటం, కడుపునొప్పి రావడం మామూలే. భోజనంతో పాటు వేసుకుంటే చాలామందికి ఆ ఇబ్బంది తగ్గుతుంది.

ఆదోని వైపు నుండి వచ్చే ఒక అమ్మాయికి పెళ్లి కుదిరినప్పుడు, మాత్రల డబ్బా అత్తవారి కంట పడుతుందేమోనని తల్లి మందు మాన్పించింది. ఆ తరువాత ఆ అమ్మాయిని చక్రాల కుర్చీలో తీసుకువచ్చారు. ఇంజెక్షన్లతో నడక చాలావరకు తిరిగి వచ్చింది గాని మూత్రంపై పట్టు పూర్తిగా రాలేదు. ఆ తల్లి భయం నాకు అర్థమైంది. ఇది అంటువ్యాధి అనీ, పిల్లలు పుట్టరనీ ఆమెకు నూరిపోసినవారి మీదనే నాకు కోపం. ఆ రెండూ అబద్ధాలే. గర్భం దాల్చవచ్చు, గర్భిణిగా ఉన్నప్పుడు రిలాప్సులు తగ్గి, కాన్పు తరువాతి 3 నెలల్లో పెరుగుతాయి. ఏ మందు ఎప్పుడు ఆపాలో గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

మే నెల ఎండలో తిరిగి వచ్చాక చూపు మసకబారి, ఒళ్లు చల్లబడగానే సర్దుకుంటే అది కొత్త రిలాప్స్ కాదు. మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి వస్తుందని నీళ్లు తాగడం మానేసి, ఇన్ఫెక్షన్‌తో జ్వరం తెచ్చుకుని, కాళ్లు పడిపోయాయని వచ్చేవారికి కూడా స్టెరాయిడ్ కంటే ముందు మూత్ర పరీక్ష కావాలి. పక్షవాతమనుకుని పసరు తాగించడం గురించి చెప్పేదేముంది, అది విలువైన సమయం వృథా చేయడమే.

ఖర్చు భరించలేక మందు ఆపాలనుకునేవారు ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి. తక్కువ ఖర్చుతో వేరే మందుకు మారే వీలు ఉండవచ్చు. ఫింగోలిమాడ్ వంటివాటిని చెప్పకుండా ఒక్కసారిగా ఆపితే మాత్రం వ్యాధి మునుపటికన్నా ఉధృతంగా తిరగబెట్టే ప్రమాదముంది.