దుఃఖమా, డిప్రెషనా: టాక్ థెరపీ వెనుక వందేళ్ల వాదన

అయినవాళ్లు పోయాక ఎన్నాళ్లు దుఃఖపడితే అది జబ్బు లెక్కలోకి వస్తుంది? 2022లో వైద్యశాస్త్రం ఈ ప్రశ్నకు రెండు గడువులు పెట్టింది. ఆ జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11 ‘ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్’ (ఎంతకీ వదలని దుఃఖం)కు కనీసం ఆరు నెలలు అంది. మార్చిలో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ సవరించిన మానసిక జబ్బుల పుస్తకం డీఎస్ఎం పెద్దలకు పన్నెండు నెలలు, పిల్లలకు ఆరు నెలలు అంది. గడువు దాటడం ఒక్కటే చాలదు. ఆ మనిషి కోసం తపన దాదాపు రోజూ ఉండాలి, బతుకు స్తంభించిపోవాలి, ఆ దుఃఖం తమ మతంలో, సమాజంలో మామూలుగా ఉండేదాన్ని మించాలి.

ఈ చివరి షరతు తెలుగు ఇళ్లకు ముఖ్యం. ఏడాదంతా మాసికాలు పెట్టి, పండగలు మానుకుని, సంవత్సరీకం దాకా ఆగే ఇంట్లో ఏడో నెల దుఃఖాన్ని రోగం అనడం తొందరపాటే. ముస్లిం ఇళ్లలో నలభయ్యో రోజు చెహ్లుం ఉంది, భర్త పోయిన స్త్రీకి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ఉంది. సంవత్సరీకం దాకా ఆగే ఇళ్లకైతే పన్నెండు నెలల లెక్కే నప్పుతుంది.

గొడవ మాత్రం పాతది. దుఃఖం రోగం కాదని, దానికి వైద్యం అక్కర్లేదని, జోక్యం చేసుకుంటే చెడుపు కూడా జరగొచ్చని సిగ్మండ్ ఫ్రాయిడ్ 1917లో రాశాడు. అదే వ్యాసంలో ఆయన చూపిన తేడా ఇప్పటికీ పనికొస్తోంది. దుఃఖంలో ఉన్నవాడికి లోకం ఖాళీగా కనిపిస్తుంది, డిప్రెషన్‌లో ఉన్నవాడికి తానే పనికిమాలినవాడిగా కనిపిస్తాడు. ‘ఆయన లేని ఇల్లు ఇల్లులా లేదు’ అనే మాటకీ, ‘నేను ఉండి ఎవరికి ఉపయోగం’ అనే మాటకీ మధ్య ఉన్న దూరమే అది. రెండో మాట వినిపిస్తే థెరపిస్టు చెవులు నిక్కబొడుచుకోవాలి. దుఃఖం అలలుగా వస్తుంది, మధ్యలో మనవడి అల్లరికి నవ్వూ వస్తుంది. డిప్రెషన్ పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒకేలా కమ్మేసి ఉంటుంది.

దుఃఖాన్ని మొదటిసారి దగ్గరగా కూర్చుని రాసుకున్నది ఒక అగ్నిప్రమాదం తర్వాత. 1942 నవంబర్ 28న బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్ తగలబడి 492 మంది చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్లనూ, పోయినవాళ్ల బంధువులనూ సైకియాట్రిస్ట్ ఎరిక్ లిండెమన్ చూశాడు. గొంతు బిగుసుకుపోవడం, నిట్టూర్పులు, కడుపులో ఖాళీ, ఇరవై నిమిషాల నుంచి గంట దాకా ఉండే బాధ తెరలు: ఇవన్నీ 1944 వ్యాసంలో ఉన్నాయి. అయితే ఎనిమిది పది ఇంటర్వ్యూలతో, నాలుగు నుంచి ఆరు వారాల్లో మామూలు దుఃఖం ఒక కొలిక్కి వస్తుందని కూడా రాశాడు. ఆ లెక్క ఆశావాదమని తర్వాత తేలింది. దుఃఖానికి ఒక ‘పని’ ఉందని, అది చేయకపోతే దేహం మీద పడుతుందని ఆయన చెప్పింది మాత్రం నిలబడిపోయింది.

1969లో సైకియాట్రిస్ట్ ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ ఐదు దశలు చెప్పింది: కాదనుకోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతున్నవి అవే. కానీ ఆమె మాట్లాడింది మరణానికి దగ్గరైన రోగులతో, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లతో కాదు. దశలు వరసగా వస్తాయని నమ్మినవాళ్లు ‘నాకింకా కోపం దశ రాలేదేం’ అని తమను తామే తప్పుబట్టుకుంటారు. 1999లో పరిశోధకులు స్ట్రోబ్, షూట్ ప్రతిపాదించిన నమూనా ఇంతకంటే నిజానికి దగ్గర. మనిషి పోయినవాళ్ల వైపు ఒకసారి, బ్యాంకు ఖాతా మార్పించుకోవడం, పిల్లల ఫీజులు కట్టడం లాంటి కొత్త బతుకు పనుల వైపు ఒకసారి ఊగుతుంటాడని వాళ్లు అన్నారు. ఎటో ఒకవైపే ఇరుక్కుపోయినప్పుడే సాయం కావాలి.

డిప్రెషన్ వైద్యం వేరే దారిలో నడిచింది. ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ సైకోఅనలిస్ట్, అంటే రోగిని సోఫా మీద పడుకోబెట్టి మాట్లాడించే ఫ్రాయిడ్ పద్ధతి వైద్యుడు. డిప్రెషన్ అంటే లోపలికి తిరిగిన కోపమనే సిద్ధాంతాన్ని రుజువు చేద్దామని రోగుల కలలు పరిశీలించాడు. వాటిలో కోపం కంటే ఓడిపోవడం, పోగొట్టుకోవడమే ఎక్కువగా కనిపించాయి. దాంతో ఆయన సోఫా వదిలి, రోగి మనసులో క్షణంలో మెరిసిపోయే ఆలోచనలను పట్టుకోవడం మొదలుపెట్టాడు. కాగ్నిటివ్ థెరపీ పుట్టింది అలా. 1977లో దాన్ని ఇమిప్రమిన్ అనే డిప్రెషన్ మందుతో పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మాటల వైద్యం తీసిపోలేదు. ఇంచుమించు ఆ కాలంలోనే జెరాల్డ్ క్లెర్మన్, మిర్నా వైస్‌మన్ మనుషుల మధ్య సంబంధాల మీద పనిచేసే ఇంటర్‌పర్సనల్ థెరపీని రూపొందించారు. అది పట్టించుకునే నాలుగు చిక్కుల్లో మొదటిది ఆత్మీయుల మరణమే. మిగతావి తగాదాలు, పెళ్లి లేదా రిటైర్మెంట్ లాంటి మార్పులు, ఒంటరితనం.

1996లో నీల్ జేకబ్సన్ బృందం కాగ్నిటివ్ థెరపీని భాగాలుగా విడదీసి పరీక్షించింది. ఆలోచనలను సరిచేసే భాగం తీసేసి, రోజువారీ పనులను తిరిగి మొదలుపెట్టించే భాగం ఒక్కటే ఇచ్చినా ఫలితం ఇంచుమించు అంతే వచ్చింది. భారతదేశానికి ఇది పెద్ద కబురు. పనుల పట్టిక నేర్పడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. గోవాలో సైకియాట్రిస్ట్ విక్రమ్ పటేల్ బృందం పది పీహెచ్‌సీల్లో, మానసిక వైద్యంలో డిగ్రీ లేని కౌన్సెలర్లతో ఆరు నుంచి ఎనిమిది సెషన్లు, ఒక్కోటి 30–40 నిమిషాలు నడిపించింది. 2017లో వచ్చిన ఫలితాల్లో, మూడు నెలల తర్వాత ఆ సెషన్లు అందుకున్నవాళ్లలో 64 శాతం తేరుకున్నారు, అందనివాళ్లలో 39 శాతం. పశ్చిమ గోదావరి గ్రామాల్లో కూడా ఆశా కార్యకర్తల చేత ట్యాబ్ మీద స్క్రీనింగ్ చేయించి, పీహెచ్‌సీ డాక్టరుకు పంపించే ప్రయోగం ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో జరిగింది.

ఆ పనుల పట్టిక ఎలా ఉంటుందంటే, అడ్డంగా వారంలోని ఏడు రోజులు, నిలువుగా నిద్ర లేచిన గంట నుంచి పడుకునే గంట దాకా గళ్లు. ప్రతి గడిలో రెండు ముక్కలు రాయాలి: ఏం చేశారు, మనసు ఎలా ఉంది (0 నుంచి 10). మొదటి వారం ఏమీ మార్చకూడదు, రాయడమే. వారం తర్వాత చూస్తే పదకొండు నుంచి నాలుగు దాకా మంచం, ఫోన్, స్కోరు 1. ఎదురింటావిడతో కూర్చుని గోంగూర ఒలిచిన అరగంటకి 3. తర్వాతి వారం పని ఆ 3 దగ్గర్నుంచే తీయాలి. ‘రోజూ గంట వాకింగ్’ అని రాస్తే మూడో రోజుకి ఆగిపోతుంది, ఆపైన ‘ఇది కూడా చేతకాలేదు’ అనే కొత్త బాధ. ‘మంగళవారం ఐదున్నరకి చెప్పులేసుకుని వీధి చివర పాలబూత్ దాకా’ అని రాస్తే జరుగుతుంది. ఓపిక వచ్చాక చేద్దామనుకుంటే ఎదురుచూపే మిగులుతుంది. ఇక్కడ పని ముందు, ఓపిక తర్వాత. కౌన్సెలర్లు చేసే తప్పు కూడా ఒకటుంది. గుడి, యోగా, పాజిటివ్ థింకింగ్ అంటూ గళ్లన్నీ తామే నింపేస్తారు. ఆ కాగితం రెండో వారం తిరిగి రాదు.

ఇరుక్కుపోయిన దుఃఖానికి ఈ పట్టిక చాలదు. కొలంబియా యూనివర్సిటీలో క్యాథరీన్ షియర్ రూపొందించిన పద్ధతి వారానికొకటి చొప్పున 16 సెషన్లు. మొదట దుఃఖపు డైరీ, మూడో సెషన్‌కి ఇంట్లో దగ్గరివాళ్లు ఒకరు. ఆ తర్వాతిది కష్టమైన భాగం: కళ్లు మూసుకుని, ఆ మరణవార్త తెలిసిన క్షణాన్ని వర్తమానంలో జరుగుతున్నట్టు కొన్ని నిమిషాలు చెప్పాలి. బాధను 0 నుంచి 100 దాకా అంకెలో చెప్పాలి. అది రికార్డవుతుంది, ఇంటి దగ్గర రోజూ వినాలి, విన్నాక మనసుకి నచ్చే చిన్న పని ఒకటి ముందే అనుకుని ఉంచాలి. వారాలు గడిచేకొద్దీ అంకె దిగుతుంది. ఆసుపత్రి వీధి, తెరవని బీరువా లాంటి తప్పించుకు తిరుగుతున్న చోట్లకు కూడా మెల్లగా వెళ్తారు. కథ మధ్యలో బాధ తారస్థాయిలో ఉండగా ఆపేస్తే, లేదా రాత్రి ఒంటరిగా వింటే, ఇది ఎదురు తిరుగుతుంది. మరణం జరిగిన మొదటి వారాల్లో దీన్ని చేయరు. ప్రమాదం జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్క సెషన్‌లో అంతా చెప్పించే ‘డీబ్రీఫింగ్’ మేలు చేయదని పరిశోధనల్లో తేలింది. ఆ రోజుల్లో కావలసింది అన్నం, నిద్ర, పక్కన మనిషి. పరామర్శకు వచ్చి ‘పోయినవాళ్లతో మనం పోలేం కదా’ అనేవాళ్లు కాస్త ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు.

మందుల సంగతికొస్తే, షియర్ బృందం 2016లో 395 మందితో చేసిన పరీక్షలో సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు కలిపినా దుఃఖం మీద అదనపు ఫలితం రాలేదు. థెరపీతో పాటు వాడినవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు మాత్రం ఇంకాస్త తగ్గాయి. అంటే రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, ఒక్కోదానికి ఒక్కో వైద్యం కావాలి. తీవ్రమైన డిప్రెషన్‌లో మందు మానేయమని చెప్పే థెరపిస్టు దగ్గర ఆగకూడదు.

మన దగ్గర కొరత మనుషులది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి తెలుగులోనూ మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 115 ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. కాబట్టి పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి ఆలస్యం చేయనక్కర్లేదు. థెరపిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు మొదటి రోజే మూడు సంగతులు అడగాలి: ఏ పద్ధతి, సుమారు ఎన్ని సెషన్లు, తగ్గుతోందని ఏ స్కోరుతో చూస్తారు. డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9లో మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే పట్టించుకోవాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏ అంకె వచ్చినా మిగతా మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే దాని గురించి మాట్లాడాలి.