ఐదంగుళాల తగువు: మలుపు 2005 జూలైలో ఉంది

జూన్ వచ్చి ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కుర్ర ఆటగాళ్లను ఎంచుకునే తంతు, దగ్గరపడిందంటే పొట్టి పిల్లల గొడవ మళ్లీ లేస్తుంది. ఈసారి ఆ సెగ బెంగళూరు దాకా తగిలింది. బెళ్లందూరులో ఒక ఆఫీసు ఉంది. కెనడా, అమెరికా జూనియర్ లీగుల మ్యాచ్ వీడియోలు చూసి, పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఎవరి స్టిక్ మీదకు ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నిసార్లు పోయింది అని ట్యాగులు వేయడం అక్కడి పని. వేసేవాళ్లలో మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. అనంతపురం నుంచి వచ్చిన ఒక కుర్రాడైతే పుట్టి బుద్ధెరిగి ఐస్ మీద కాలు పెట్టలేదు. అతనికి తెలిసిన ఐస్ చెరకు రసంలో వేసేదే. అయినా ఒంటారియోలో పదిహేడేళ్ల పిల్లాడు బోర్డుల (ఐస్ మైదానం చుట్టూ ఉండే గోడల) దగ్గర ఎటు తిరుగుతాడో నిద్రలేపి అడిగినా చెబుతాడు. వీళ్ల లెక్కలో మొదటి పదిహేను మందిలో ఉన్న ఒక కుర్రాడిని, అక్కడ రింకుల్లో (ఐస్ మైదానాల్లో) కూర్చుని చూసే స్కౌట్లు, అంటే జట్ల కోసం ఆటగాళ్లను వెతికేవాళ్లు, మూడో రౌండుకు నెట్టేశారు. ఆటలో వంక పెట్టలేదు. ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలు, అదే వంక. ఎన్‌హెచ్‌ఎల్‌లో సగటు ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం.

డ్రాఫ్ట్ ఎలా జరుగుతుంది, ఎవరి వంతు ముందొస్తుంది అన్నవి చాలాసార్లు రాసినవే, వదిలేస్తున్నాను. ఈ తగువు అర్థం కావాలంటే 2005 జూలైకి వెళ్లాలి.

జీతాల గొడవలో 2004–05 సీజన్ మొత్తం రద్దయింది. ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. తిరిగొచ్చేటప్పుడు లీగ్ రూల్స్ మార్చుకుని వచ్చింది. సమమైన మ్యాచ్‌ను తేల్చడానికి షూటౌట్ పెట్టారు, గోల్‌కీపర్ల ప్యాడ్ల సైజు తగ్గించారు. జనం గుర్తుపెట్టుకున్నది ఇవే. నా దృష్టిలో అసలు మార్పు మరొకటి. అప్పటిదాకా వేగంగా దూసుకొచ్చే చిన్నవాడిని ఆపడానికి ఒడ్డూ పొడుగూ ఉన్న డిఫెన్స్‌మన్ పెద్దగా కష్టపడనక్కర్లేదు. స్టిక్ కొసను వాడి నడుముకు తగిలించి వెనక్కి లాగితే సరిపోయేది. మన చెడుగుడులో పట్టుకోవడమే ఆట. ఐస్ హాకీలో పట్టుకోవడం తప్పు, రూల్ బుక్‌లోనూ తప్పే, కానీ విజిల్ పడేది కాదు. 2005లో రిఫరీలకు గట్టిగా చెప్పారు: హుకింగ్ (స్టిక్‌తో లాగడం), హోల్డింగ్ (పట్టుకోవడం), అడ్డు తగలడం ఏది కనిపించినా ఊదండి అని. దాంతోపాటు రెండు గీతలు దాటే పొడుగు పాస్ మీద ఉన్న నిషేధమూ ఎత్తేశారు. మధ్యలో గుంపుగా నిలబడి దారి మూసే పద్ధతికి పట్టు సడలింది.

ఫలితం అంకెల్లోనే ఉంది. తప్పు చేసినవాడిని కాసేపు బయట కూర్చోబెడితే ఎదుటి జట్టు ఒక మనిషి ఎక్కువగా ఆడుతుంది, అదే పవర్ ప్లే. 2003–04లో ఒక్కో జట్టుకు మ్యాచ్‌కు నాలుగు చిల్లర పవర్ ప్లేలు దక్కేవి. 2005–06లో దాదాపు ఆరయ్యాయి. రెండు జట్లూ కలిసి మ్యాచ్‌కు ఐదు చిల్లర గోల్స్ కొట్టేవి, ఆరు దాటాయి. ఆట మారింది. ఆటగాళ్లను ఎంచే కన్ను మాత్రం వెంటనే మారలేదు. తర్వాత ఇరవై ఏళ్ల కథంతా ఆ ఆలస్యం గురించే.

అదే ఏడాది ఇంకొకటి జరిగింది. దాన్ని ఎవరూ పెద్దగా తలచుకోరు. డ్రాఫ్ట్‌ను తొమ్మిది రౌండ్ల నుంచి ఏడుకు కుదించారు. 1987లో పన్నెండు రౌండ్లుండేవి. థియో ఫ్లూరీ ఐదడుగుల ఆరంగుళాల మనిషి. క్యాల్గరీ జట్టు అతన్ని ఎనిమిదో రౌండులో, 166వ వాడిగా తీసుకుంది. తర్వాత వెయ్యికి పైగా పాయింట్లు (గోల్ కొట్టినా, కొట్టించినా ఒక పాయింటు) సాధించాడు. 'పోతే పోయింది, ఒకసారి చూద్దాం' అని పొట్టివాడి మీద చీటీ ఖర్చుపెట్టే చివరి రౌండ్లు 2005తో పోయాయి. ఐస్ మీద తలుపు తెరిచిన సంవత్సరమే డ్రాఫ్ట్ హాల్లో కిటికీ మూసింది.

నా వాదనకు అడ్డం వచ్చే మనిషి ఒకడున్నాడు, దాచిపెట్టను. మార్టిన్ సెయింట్ లూయీ. ఐదడుగుల ఎనిమిదంగుళాలు. డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు. క్యాల్గరీ చేర్చుకుని వదిలేసింది, 2000లో టాంపా బే పిలిచింది. 2003–04లో 94 పాయింట్లతో లీగ్‌లో మొదటివాడు, అత్యంత విలువైన ఆటగాడు, ఆపైన లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్. ఇదంతా రూల్స్ మారకముందే. 'చూశారా, నిజంగా గొప్పవాడైతే ఏ రూల్‌లోనైనా ఆడతాడు, మేం జాగ్రత్త పడటంలో తప్పేముంది' అంటారు స్కౌట్లు. గొప్పవాళ్ల కోసం రూల్ అక్కర్లేదు, నిజమే. వాళ్ల కింద మెట్టులో ఉన్న మంచి ఆటగాళ్ల సంగతే ఇక్కడి ప్రశ్న.

2016లో అలెక్స్ డిబ్రింకాట్ వరుసగా రెండు జూనియర్ సీజన్లలో 51 చొప్పున గోల్స్ కొట్టి డ్రాఫ్ట్‌కు వచ్చాడు. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. 39వ వాడిగా చికాగో తీసుకుంది. తొలి ఎన్‌హెచ్‌ఎల్ సీజన్లో 28, రెండో సీజన్లో 41 గోల్స్. 2019లో అంతే ఎత్తున్న కోల్ కాఫీల్డ్, అమెరికా అండర్–18 జట్టుకు ఒకే సీజన్లో 72 గోల్స్ కొట్టి వస్తే పదిహేనో స్థానం దాకా ఆగాల్సి వచ్చింది. 39 నుంచి 15కు. కన్ను మారుతోంది, నెమ్మదిగా.

2022లో జరిగింది మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియనిది. లేన్ హట్సన్ డిఫెన్స్‌మన్. పైగా పొట్టి డిఫెన్స్‌మన్, అంటే స్కౌట్లకు రెట్టింపు టెన్షన్. బఫెలోలో జరిగే కంబైన్‌కు (డ్రాఫ్ట్‌కు ముందు కుర్రాళ్లకు పెట్టే శారీరక పరీక్షలకు) డాక్టర్ దగ్గర కాగితం రాయించుకుని వెళ్లాడు: ఎముకల వయసు అసలు వయసు కంటే వెనకుంది, పిల్లాడు ఇంకా ఎదుగుతాడు అని. ఆ కంబైన్‌లో కొలతలు తీస్తారు, సైకిల్ తొక్కిస్తారు, గెంతిస్తారు. స్కేటింగ్ మాత్రం చేయించరు. వాడు ఎందులో దిట్టో అది తప్ప అన్నీ చూస్తారు. పెళ్లిచూపుల్లో పిల్ల జాతకం, జడ పొడుగు చూసి మాట్లాడించకుండా లేచి వచ్చినట్టు! మాంట్రియల్ అతన్ని 62వ వాడిగా తీసుకుంది. అప్పటికే అక్కడ కోచ్‌గా ఉన్నది సెయింట్ లూయీనే. 2024–25లో హట్సన్ 66 పాయింట్లతో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు.

వయసు లెక్కలో ఇంకో మెలిక ఉంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనం 1980 నుంచి 2006 దాకా డ్రాఫ్ట్ అయిన వాళ్లను చూసింది. ఏడాది రెండో సగంలో పుట్టినవాళ్లు తమ సత్తాకు తగిన స్థానం కంటే వెనక ఎంపికవుతున్నారని తేల్చింది. జూనియర్‌లో వయసు జనవరి 1 నుంచి లెక్కపెడతారు కాబట్టి ఆగస్టు పిల్లాడు ఎప్పుడూ తనకంటే ఏడెనిమిది నెలలు పెద్దవాళ్ల పక్కన నిలబడతాడు. చిన్నగా కనిపించక ఏం చేస్తాడు? బెళ్లందూరు కుర్రాళ్లు వాదిస్తున్న పిల్లాడూ ఆగస్టు వాడే.

స్కౌట్ల పక్షం కూడా చెప్పాలి. 2024, 2025లో వరుసగా కప్ గెలిచిన ఫ్లోరిడా ఒళ్లు వాడి, ఎదుటివాడిని నలిపి ఆడిన జట్టు. ప్లేఆఫ్స్‌లో రిఫరీలు విజిల్ జేబులో పెట్టుకుంటారని వాళ్ల మాట. 2024–25లో జట్టుకు మ్యాచ్‌కు మూడు పవర్ ప్లేలు కూడా రాలేదు. అంటే 2005 నాటి కాపలా పోయినట్టే కదా అంటారు.

ఇదే అంకెను అనంతపురం కుర్రాడి ముందు పెట్టాను. తల అడ్డంగా ఊపాడు. "పట్టుకోవడమే తగ్గిందన్నా. వీడియో చూడు, ఇప్పుడు డిఫెన్స్‌మన్ స్టిక్‌తో లాగడు, కాళ్లతో వెంటపడతాడు. లాగకపోతే విజిల్ ఎవరి మీద ఊదుతారు?" రోజుకు రెండు మ్యాచ్‌లు ఆపి ఆపి చూసేవాడి మాట ఇది. ఫోన్లో దొరికిన స్కౌట్ ఒకాయన దీనికి ఒకటే అన్నాడు: ఆరడుగులు నేర్పలేం.

డ్రాఫ్ట్ మొదటి రౌండు మనకు తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో మొదలవుతుంది. ఆ ఆఫీసులో ఒక అలవాటు ఉంది. ట్యాగులు వేసేవాళ్లకు ఇచ్చే షీటులో ఎత్తు కాలమ్ కనపడకుండా పెడతారు, పని అయ్యాకే తెరుస్తారు. మొన్న అటువైపు క్లయింటు నుంచి మెయిల్ వచ్చిందట, ఇకమీదట ఆ కాలమ్ మొదటే కనిపించాలని.