మిల్క్ ఆర్ అని ఎందుకు రాయకూడదంటే

రాయగడలో ఉన్న నా మనవలకీ, పక్కింటి పిల్లలు కూడా చదువుతామంటే వాళ్లకీ,

మీరు పంపిన నోటుపుస్తకం ఫొటో చూశాను. "ద మిల్క్ ఆర్ హాట్" అని రాసిన చోట టీచరుగారు ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన "ఈజ్" అని రాసి వదిలేశారు. ఎందుకో చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

ఇంట్లో మనం పాలు కాగాయి, నీళ్లు వస్తున్నాయి, బియ్యం అయిపోయాయి అంటాం, అన్నీ బహువచనాలే. ఆ అలవాటే మీ చేత "ఆర్" రాయించింది. ఇంగ్లీషులో మిల్క్, వాటర్, రైస్ ఒకటీ రెండూ అని లెక్కపెట్టేవి కావు, బిందెడు ఉన్నా చెరువంత ఉన్నా ఏకవచనమే. బళ్లో మీరు ఒడియాలో "పాణి అచ్ఛి" అంటారు చూడండి, నీళ్లు "ఉంది" అన్నట్టే కదా, ఈ మాటల దగ్గర తెలుగుని కాసేపు పక్కనపెట్టి ఒడియాలో ఆలోచిస్తే తప్పు రాదు.

మరి రెండు గ్లాసుల పాలు అనాలంటే? టూ గ్లాసెస్ ఆఫ్ మిల్క్. బహువచనం గ్లాసుకి, పాలకి కాదు. హోటల్లో మాత్రం "టూ కాఫీస్" అని అడగొచ్చు, మనం రెండు టీలు అనమూ, అలాగే.

అన్నట్టు, మనకి ధాన్యం, బియ్యం, అన్నం వేరువేరు. ఒడియాలోనూ ధాన, చావుళ, భాత ఉన్నాయి. ఇంగ్లీషువాళ్లకి పొట్టు తియ్యనిది ప్యాడీ (అదీ మలయ్ భాష నుంచి తెచ్చుకున్నదే), ఆ తర్వాత వండకముందూ రైసే, వండాకా రైసే. తినేవాళ్లకి ఎన్ని మాటలు కావాలో అన్నే ఉంటాయి మరి!

అసలు టెన్షన్ పెట్టేవి మనం రోజూ తెలుగులో వాడేసే మాటలు. స్టేషన్లో "లగేజీలు దించండి" అంటాం, ఇంగ్లీషులో లగేజెస్ అనకూడదు, త్రీ బ్యాగ్స్ అనండి, బ్యాగుల్ని లెక్కపెట్టొచ్చు. ఫర్నిచర్, హోంవర్క్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్ కూడా లగేజీ బాపతే. ఒక సలహా అనాలంటే ఎ పీస్ ఆఫ్ అడ్వైస్, లేదా హాయిగా ఎ సజెషన్.

దీనికి తిరగబడినవీ ఉన్నాయి. మన కత్తెర ఒకటే, వాళ్ల సిజర్స్‌కి రెండు అలుగులు గనక ఎప్పుడూ "ఆర్". న్యూస్‌కి చివర ఎస్ ఉన్నా "ఈజ్", క్యాటిల్‌కీ పోలీస్‌కీ ఎస్ లేకపోయినా "ఆర్". వీటికి నన్ను కారణం అడగకండి, బట్టీ పట్టండి.

అనుమానం వస్తే డిక్షనరీ తియ్యండి. నేర్చుకునేవాళ్ల కోసం వేసిన వాటిలో నామవాచకం పక్కన చిన్న సి ఉంటే లెక్కపెట్టేది, యు ఉంటే లెక్కపెట్టకూడనిది. హెయిర్ పక్కన రెండూ కనిపిస్తాయి: తలమీద జుట్టంతా అయితే యు, అన్నంలో వచ్చిన వెంట్రుక అయితే సి. నిఘంటువులంటే మా పర్లాకిమిడికి కొత్తేమీ కాదు, ఇక్కడ రాజావారి బళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని రాసిన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది.

వంటింట్లోకి వెళ్లి కనిపించిన పది వస్తువులకి ఇంగ్లీషు పేర్లు రాసి, పక్కన సి, యు పెట్టి ఫొటో పంపండి. ఉల్లిపాయ, ఉప్పు రెండూ ఉండాలి.

మీ తాతయ్య