మెషిన్ సున్నా చూపినా వణికే చక్రం

అనంతగిరి మన్యంలో రెండు రోజులు వాన బురదలో తిరిగి వస్తూ, శృంగవరపుకోట దాటి చదును రోడ్డెక్కాం. గంటకు 70 కిలోమీటర్ల వేగం అందుకోగానే మా జీపు స్టీరింగు చేతుల్లో వణకడం మొదలుపెట్టింది. విశాఖ చేరిన వెంటనే ఒక షాపులో నాలుగు చక్రాలకూ బ్యాలెన్సింగ్ చేయించాను, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా రిమ్ముకు చిన్న బరువులు అతికించడం. ఇక తేడా లేదన్నట్టు మెషిన్ తెర మీద సున్నాలు కనబడ్డాయి, వణుకూ తగ్గింది. వారం తిరక్కుండానే అది మళ్ళీ మొదలైంది, ఈసారి మరింత గట్టిగా. గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన చక్రం విప్పి, రిమ్ము లోపలి అంచును వేళ్ళతో తడిమి, "బరువులు తర్వాత బాబూ, ముందు దీన్ని కడగాలి" అన్నారు. స్క్రూడ్రైవరుతో గీకితే ఎండిన ఎర్రమట్టి పెళ్ళ ఊడి ఆయన అరచేతిలో పడింది. మొదటి షాపులో ఆ మట్టిని చక్రంలో భాగంగానే లెక్కగట్టి, దానికి ఎదురుగా బరువు అతికించారు. తర్వాత మట్టి సగం రాలిపోయేసరికి ఆ ఎదురు బరువే కొత్త దోషమై కూర్చుంది.

పిడికెడు మట్టి అంత బండిని ఎలా ఊపగలదో లెక్క వేసి చూస్తేనే నమ్మకం కుదురుతుంది. చక్రంలో ఒకచోట అదనంగా ఉన్న ద్రవ్యరాశిని ఇరుసు నుంచి దాని దూరంతోనూ, చక్రం తిరిగే కోణీయ వేగపు వర్గంతోనూ గుణిస్తే ఇరుసును గుంజే బలం ఎంతో తెలుస్తుంది. 33 అంగుళాల టైరు గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు ఎనిమిదిన్నర చుట్లు తిరుగుతుంది. దాని ట్రెడ్ (రోడ్డును తాకే పైపొర) దగ్గర, ఇరుసుకు 40 సెంటీమీటర్ల దూరంలో, 100 గ్రాముల తేడా ఉంటే పుట్టే బలం సుమారు 112 న్యూటన్లు. అంటే పదకొండు కిలోలకు పైబడిన బరువు ఇరుసును ప్రతి చుట్టుకూ ఒకసారి పైకి, ఒకసారి కిందకి లాగుతున్నట్టు లెక్క. వేగాన్ని 40కి తగ్గిస్తే ఆ బలం సగం కాదు, నాలుగో వంతే మిగులుతుంది. రేవులో కంటెయినర్లను మోసే భారీ యంత్రాల టైర్లు ఎంత పెద్దవైనా వాటికి బ్యాలెన్సింగ్ అవసరం అంతగా కనబడకపోవడానికి కారణం ఇదే: అవి మెల్లగా నడుస్తాయి.

పెద్ద టైర్లతో వచ్చే అసలు చిక్కు ఏమిటంటే, తేడా ఉండేది ట్రెడ్ దగ్గర, దాన్ని సరిచేసే బరువు పెట్టగలిగేది రిమ్ము మీద. రిమ్ము వ్యాసార్థం 20 సెంటీమీటర్లయితే, 40 సెంటీమీటర్ల దూరంలోని 100 గ్రాములను సరితూచడానికి అక్కడ 200 గ్రాములు కావాలి. పైగా వెడల్పు టైరులో బరువు తేడా లోపలి వైపు ఒకచోట, బయటి వైపు మరోచోట ఉండవచ్చు. అప్పుడు నిలకడగా ఉన్నప్పుడు సమంగా తూగే చక్రం కూడా తిరిగేటప్పుడు పక్కలకు ఊగుతుంది. అందుకే రిమ్ము రెండు వైపులా విడివిడిగా బరువులు నిర్ణయించే డైనమిక్ బ్యాలెన్సింగ్ చేయాలి.

ఇంత చేసినా వణుకు పోకపోతే, బరువును వదిలి చక్రం గుండ్రతనాన్ని చూడాలి. నా ఉద్దేశంలో మన షాపుల్లో అందరూ దాటేసే అంశం ఇదే. గుండ్రంగా లేని టైరుకు ఎన్ని బరువులు అతికించినా అది ప్రతి చుట్టులోనూ ఒకచోట ఇరుసును పైకి ఎత్తుతూనే ఉంటుంది. బండిని జాకీ మీద లేపి, ట్రెడ్‌కు దగ్గరగా ఒక ఇనుప చువ్వను కదలకుండా నిలబెట్టి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పితే చువ్వకూ టైరుకూ మధ్య సందు పెరగడం, తగ్గడం కంటికే కనబడుతుంది. టైరులో ఎత్తైన చోటును రిమ్ములో పల్లంగా ఉన్న చోటు మీదికే జరిపి బిగిస్తే ఈ దోషం చాలావరకు తగ్గుతుంది. చాలా కొత్త టైర్ల మీద ఉండే ఎర్ర చుక్క సాధారణంగా ఆ ఎత్తైన చోటునూ, పసుపు చుక్క తేలికైన చోటునూ సూచిస్తాయి. పసుపు చుక్కను గాలి వాల్వు దగ్గరకు తెచ్చి బిగించడం వాడుక. మెషిన్ చెప్పే కొలత నిజమేనా అని తేల్చుకోవడానికీ ఒక సులువు ఉంది. సున్నా చూపిన చక్రాన్ని వదులుచేసి, సగం చుట్టు తిప్పి బిగించి మళ్ళీ తిప్పాలి. అప్పుడు సున్నా మారిపోతే లోపం చక్రంలో కాదు, దాన్ని మెషిన్‌కు బిగించిన తీరులో ఉందని అర్థం.

టైరు లోపల సన్నని గాజు గుళ్ళు పోసి, అవే బరువును సర్దుకుంటాయని ధైర్యంగా తిరిగేవారూ ఉన్నారు. అది వట్టి నమ్మకం కాదు. టాప్‌లోడ్ వాషింగ్ మెషిన్ డ్రమ్ము పైఅంచున ఉప్పునీళ్ళతో ఉండే వలయం చేసే పని కూడా ఇదే. అయితే ఈ సూత్రానికి ఒక షరతు ఉంది. స్ప్రింగుల మధ్య ఊగే చక్రానికి సహజమైన ఊపు ఒకటి ఉంటుంది, అది మామూలు కార్లలో సెకనుకు సుమారు 10 నుంచి 15 సార్లు, చక్రం బరువెక్కేకొద్దీ ఇంకా తక్కువ. చక్రం అంతకంటే వేగంగా తిరిగినప్పుడే గుళ్ళు తేలిక వైపుకు చేరతాయి. దానికి లోపు అవి బరువు వైపే పోగై తేడాను పెంచగలవు. విశాఖలాంటి ఉక్కపోత ఊళ్ళో కంప్రెసర్ గాలితో పాటు తేమ కూడా లోపలికి పోతుంది, గుళ్ళు తడిసి ముద్దకట్టినా ఆశ్చర్యం లేదు.

ఇసుకలో నడపడానికి టైరులో గాలి బాగా తగ్గించేవారు మరో సంగతి గమనించాలి. పట్టు సడలిన టైరు, ఇంజను గుంజినప్పుడో బ్రేకు వేసినప్పుడో రిమ్ము మీద కొద్దికొద్దిగా జారుతుంది, రిమ్ము మీది బరువులు మాత్రం ఉన్నచోటే ఉండిపోతాయి. బ్యాలెన్సింగ్ చేయించిన రోజే వాల్వుకు ఎదురుగా టైరు మీదా, రిమ్ము మీదా కలిపి ఒక సుద్ద గీత గీసి పెట్టుకుంటాను. తిరిగి వచ్చి గాలి నింపేటప్పుడు ఆ గీత రెండు ముక్కలై కనబడితే, ఆ చక్రం మళ్ళీ మెషిన్ ఎక్కాల్సిందే.