కలం నిలబడి, కాగితం నడిచే రాత

చిట్టీ, బాబీ,

చిట్టి అడిగిన ప్రశ్న రెండు రోజులుగా నా వెంటే తిరుగుతోంది. "మామూలుగా కుడితే కుట్లన్నీ ఒకే కొలతలో వస్తాయి తాతయ్యా. మిషన్ పళ్లు దించేసి తీగలూ పువ్వులూ కుడదామంటే ఒక కుట్టు చీమంత, ఇంకోటి గొల్లభామంత వస్తోంది. మిషన్ పాడైందా?"

మిషన్ నిక్షేపంగా ఉంది తల్లీ. ఇన్నాళ్లూ అది చేసిపెట్టిన పనిని నువ్వు నీ చేతుల్లోకి తీసుకున్నావు, అంతే. సూది కింద ఉండే ఆ రంపపు పళ్లు కుట్టు కుట్టుకీ గుడ్డను కొలిచినట్టు వెనక్కి జరుపుతాయి. వాటిని దించేస్తే గుడ్డను జరిపేవారు ఎవరూ ఉండరు. వెనక్కి, పక్కకి, గుండ్రంగా, ఎటు తిప్పినా నీ ఇష్టం. బొంత పొరలను ఇలా ఇష్టమొచ్చిన గీతల్లో కలిపి కుట్టడాన్నే ఫ్రీ మోషన్ క్విల్టింగ్ అంటారు. రాయడం లాంటిదే అనుకో. కాకపోతే ఇక్కడ కలం ఒక్కచోటే నిలబడుతుంది, కాగితం దాని కింద నడుస్తుంది. బాబీని పెన్సిలు కదలకుండా పట్టుకోమని, కాగితాన్ని జరుపుతూ నీ పేరు రాసి చూడు. మొదటి అక్షరానికే ఇద్దరూ నవ్వుతారు.

సూది నిమిషానికి 600 సార్లు దిగుతోందనుకో, అంటే సెకనుకు 10 సార్లు. ఆ సెకనులో నీ చేతులు గుడ్డను 25 మిల్లీమీటర్లు జరిపితే ఒక్కో కుట్టు 2.5 మిల్లీమీటర్లు వస్తుంది. చేయి తొందరపడితే గొల్లభామ, తడబడితే చీమ. మలుపుల దగ్గర చేయి మనకు తెలియకుండానే పరుగెడుతుంది, అక్కడ కాస్త కనిపెట్టుకుని ఉండు.

చిన్నప్పుడు నా చేతిరాత ఘోరంగా ఉండేది. పలక మీద అయితే, ఎలాగూ చెరిపేదే కదా అని గీకి పారేసేవాణ్ణి. కొత్త నోటుపుస్తకం ఇస్తే పాడవుతుందని భయం, తేదీ వేసి ఆగిపోయేవాణ్ణి. ఒకరోజు మా నాన్న పాత లెక్కల పుస్తకంలో మిగిలిన తెల్ల కాగితాలు చూపించి "ఇందులో రాయి" అన్నారు. సగం వాడిన పుస్తకం కాబట్టి భయం లేదు, ఎంతైనా పుస్తకమే కాబట్టి నిర్లక్ష్యమూ లేదు. నా రాత అక్కడే కుదిరింది. సిరా కారి చొక్కా జేబు నీలమయ్యేది, దానికి తిన్న చీవాట్లు ఇంకో ఉత్తరానికి సరిపోతాయి.

అందుకే చెబుతున్నాను, మీరు సగంలో వదిలేసినవన్నీ బయటికి తీయండి. అస్తరు వేయని దిండు గలీబు, సంచీకని అతికి మరిచిపోయిన ముక్కలు, మసిగుడ్డ, ఏదైనా సరే. వట్టి పీలికలు పలక లాంటివి. పెద్ద బొంత కొత్త పుస్తకం. పైగా దాని బరువు బల్ల అంచు నుంచి వేలాడి లాగుతుంటే, తప్పు చేతిదో బరువుదో తెలియదు. చిన్న గుడ్డ రెండు అరచేతుల మధ్య ఒదిగి ఉంటుంది, ఒక సాయంత్రంలో పూర్తవుతుంది కూడా. మొదలుపెట్టినదాన్ని పూర్తి చేసే అలవాటూ దానితోనే పట్టుబడుతుంది. పై గుడ్డ, మధ్యలో దూది పొర, అడుగున అస్తరు, ఈ మూడూ జరగకుండా పిన్నీసులు పెట్టి, సూది దగ్గరికి వచ్చేలోపు ఒక్కొక్కటే తీసేయండి.

ఈ రాత పోలికను చాలా దూరం లాగానని మీ నానమ్మ అంటోంది. ఇంకొక్క మాట రాసి వదిలేస్తాను. రాసేటప్పుడు పాళీ మొనను చూస్తూ కూర్చోము, అక్షరం వెళ్లబోయే చోటు చూస్తాం. ఇక్కడా సూదిని కాదు, దానికి కాస్త ముందున్న గుడ్డను చూడాలి. వేళ్లు మాత్రం సూదికి దూరంగా ఉండాలి.

ఈ కుట్టుకు వాడే ఫుట్, అంటే సూది దగ్గర గుడ్డ మీద ఆనే పాదం, గుడ్డను గట్టిగా నొక్కిపట్టదు. అందుకని ఆ పాదాన్ని దించే మీట దించామో లేదో మరిచిపోతాం. దించకపోతే పై దారానికి బిగువు ఉండదు, గుడ్డ అడుగున పిచ్చుక గూడు తయారవుతుంది. నేను ఆ గూళ్లు చాలానే కట్టాను. కుట్టాక తిరగేసి కూడా చూడండి. మలుపుల వెంట కనురెప్పల వెంట్రుకల్లా దారాలు నిలబడి ఉంటే, చేయి సూదిని మించి పరుగెత్తిందనుకోవచ్చు, లేదా పై దారం వదులుగా ఉండి ఉంటుంది. వెంటనే విప్పేయకుండా మూలన తేదీ రాసి దాచండి.

ఇక బాబీ ప్రశ్న. చేత్తో కుడితే సూది మొత్తం అవతలికి వెళ్లి వస్తుంది, మిషన్ సూది దిగిన దారినే పైకి వచ్చేస్తుంది, మరి దారం ఊడిరాదేం అని. జవాబు రాయబోయి మూడు కాగితాలు చించాను. మీరే చూడండి. ప్లగ్గు తీసేసి, బాబిన్, అంటే అడుగు దారం చుట్టిన చిన్న కండె, దాని మూత తెరిచి, చిన్న గుడ్డముక్క పెట్టి, చక్రాన్ని మీ వైపుకు చేత్తో మెల్లగా తిప్పండి. ఒక కొక్కెం వచ్చి పై దారాన్ని అందుకుని, ఉచ్చులా సాగదీసి, బాబిన్ మొత్తాన్ని అందులోంచి దాటిస్తుంది. ఒక్క చీమంత కుట్టుకి అంత తతంగం! సెకనుకు 10 సార్లు! ఇన్నేళ్లు కుట్టినా నేను ఇప్పటికీ అప్పుడప్పుడు మూత తెరిచి చూస్తుంటాను. టార్చి దగ్గర పెట్టుకోండి, లోపల చీకటిగా ఉంటుంది.

మీ తాతయ్య